మక్కా మనకు సరిగ్గా పడమరనే ఉందా?

ఖిబ్లా ఎటు అని మన ఊళ్ళలో ఏ పిల్లవాణ్ణి అడిగినా తడుముకోకుండా "పడమర" అంటాడు. మన ఇళ్ళలో ఈ మాట అంతగా ఇమిడిపోయింది. ప్రయాణంలో నమాజు వేళయితే పొద్దు ఎటు వాలుతోందో చూసుకుని జానిమాజ్ పరుస్తాం. పడమటి వైపు కాళ్ళు చాపి పడుకోవద్దని పెద్దలు పిల్లలను మందలిస్తారు. ఇల్లు కట్టేటప్పుడు మరుగుదొడ్డి ఎటు తిరిగి ఉండాలో, ఖబరస్తాన్‌లో సమాధి ఎలా తవ్వాలో కూడా ఈ దిక్కును బట్టే నిర్ణయిస్తాం. పుట్టుక మొదలు మట్టి వరకు మన జీవితాన్ని తీర్చే దిశ అది.

పడమర అన్న ఆ జవాబు తప్పని అనలేం. అలాగని పూర్తిగా ఒప్పని కూడా అనలేం. భారతదేశ పటాన్ని, అరేబియా పటాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలుస్తుంది. మక్కా నగరం భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 21.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. హైదరాబాద్ ఉన్నది 17.4 డిగ్రీల మీద. అంటే మక్కా మనకు పడమరన ఉండటమే కాదు, మనకంటే దాదాపు 450 కిలోమీటర్లు ఉత్తరాన కూడా ఉంది. మక్కా నుంచి తూర్పుగా ఒక అడ్డగీత గీసుకుంటూ వస్తే అది హైదరాబాద్‌కు గానీ, విజయవాడకు గానీ, కర్నూలుకు గానీ రాదు. సూరత్, నాగపూర్, రాయపూర్ నగరాలకు కాస్త ఎగువగా సాగిపోతుంది. ఎడారి దేశమంటే ఎక్కడో దిగువన, మనకంటే వేడి ప్రాంతంలో ఉందని ఊహించుకునే మనకు ఇది ఆశ్చర్యమే.

ఇలాంటి ఆశ్చర్యాలు ఇంకా ఉన్నాయి. మదీనా మునవ్వరా ఇంచుమించు ఉదయపూర్ అక్షాంశం మీద ఉంది. బైతుల్ మఖ్దిస్ ఉన్న జెరూసలేం అమృతసర్‌కు సమంగా ఉంది. బాగ్దాద్ జమ్మూకు, శ్రీనగర్‌కు మధ్య ఎత్తులో ఉంది. మంచు కురిసే న్యూయార్క్ ఎక్కడో ఉత్తర కొసన ఉందనుకుంటాం గానీ, అది ఇస్తాంబుల్‌కు సాటిగానే ఉంది.

అంత దూరం ఎందుకు? మన ముంగిటి సంగతే చూద్దాం. చెన్నై తూర్పు తీరాన, సముద్రపు ఒడ్డున ఉంది. విజయవాడ తీరానికి లోపలగా ఉంది. ఈ రెంటిలో ఏది ఎక్కువ తూర్పున ఉందని అడిగితే నూటికి తొంభైమంది చెన్నై అంటారు. నిజానికి విజయవాడే చెన్నై కంటే తూర్పున ఉంది. తీరరేఖ మన మనసులో ఉన్నట్టు నిటారుగా కాకుండా, ఉత్తరానికి పోయేకొద్దీ తూర్పుకు వంగుతూ పోవటమే దీనికి కారణం. ఆ వంపు ఎంతటిదంటే మన విశాఖపట్నం గంగ ఒడ్డున ఉన్న వారణాసి కంటే కూడా కొద్దిగా తూర్పునే ఉంది. పుట్టి పెరిగిన నేల విషయంలోనే మన ఊహ ఇంతగా తప్పుతుంటే, నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మక్కా విషయంలో ఊహనే నమ్ముకోవటం ఎంతవరకు సబబు?

ఇక్కడ మరో ముడి ఉంది. మక్కాకు ఇంచుమించు సమాన అక్షాంశం మీద ఉన్న నాగపూర్ వాసులకైనా ఖిబ్లా సూటిగా పడమర కావాలి కదా అనిపిస్తుంది. కాదు. వారికి కూడా అది పడమర నుంచి దాదాపు 8 డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. భూమి బల్లపరుపుగా లేకపోవటమే దీనికి కారణం. ఒక గ్లోబు తీసుకుని నాగపూర్ మీద ఒక వేలు, మక్కా మీద ఒక వేలు పెట్టి మధ్య దారాన్ని బిగించి లాగండి. దారం అక్షాంశ రేఖ వెంట పోదు. కొంచెం పైకి, ఉత్తరానికి ఎగసి మళ్ళీ దిగుతుంది. గుండ్రని వస్తువు మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి అదే. ఖిబ్లాను లెక్కగట్టేవారు అనుసరించేది కూడా ఈ దారిన బయలుదేరే దిశనే.

గోడకు తగిలించే ప్రపంచ పటం ఈ వంపును చూపలేదు. మనకు బాగా అలవాటైన మెర్కేటర్ పటం 1569లో నావికుల కోసం తయారైంది. దిక్సూచి ముల్లును ఒకే కోణంలో ఉంచి ఓడ నడుపుకోవటానికి అది గొప్ప సాయం. కానీ దాని మీద స్కేలు పెట్టి గీసిన గీత అతి దగ్గరి దారి కాదు. పటంలో ఉత్తరం పైన ఉండాలన్నది కూడా మనుషులు పెట్టుకున్న అలవాటే. 1154లో సిసిలీ రాజు కోసం అల్ ఇద్రీసీ తయారుచేసిన ప్రసిద్ధ ప్రపంచ పటంలో దక్షిణమే పైన ఉంది.

ఇక మన సంగతికి వద్దాం. హైదరాబాద్ నుంచి ఖిబ్లా పడమర కంటే దాదాపు 13 డిగ్రీలు ఉత్తరానికి ఉంది. అంటే సరిగ్గా పడమర ముఖంగా నిలబడి కొద్దిగా కుడిచేతి వైపు తిరగాలి. ఎంత తిరగాలి? గడియారం ముఖం మీద రెండు నిమిషాల గీతల కంటే కాస్త ఎక్కువ. ఆదిలాబాద్‌లో ఇది సుమారు 10 డిగ్రీలు. విశాఖపట్నంలో పన్నెండున్నర. గుంటూరులో 14, కర్నూలులో 15, కడప, నెల్లూరులలో 16 దాటుతుంది. చిత్తూరు చేరేసరికి 18 అవుతుంది. దక్షిణానికి పోయేకొద్దీ ఖిబ్లా మరింత వాయవ్యానికి జరుగుతుందన్న మాట.

మరి అందరూ చెప్పే "పడమర" ఎక్కడ నిజం? లక్నోలో నిజం. అక్కడ ఖిబ్లాకూ సరైన పడమరకూ తేడా ఒక్క డిగ్రీ కూడా లేదు. ఢిల్లీలో అది పడమర నుంచి మూడు డిగ్రీల పైచిలుకు దక్షిణానికి ఒరుగుతుంది. ఉత్తరాదిన చెప్పుకునే మాట అక్కడివారికి చక్కగా సరిపోతుంది. అదే మాటను దక్కనులో, కోస్తాలో, రాయలసీమలో మక్కీకి మక్కీగా పాటిస్తే తేడా వస్తుంది. హైదరాబాద్ నుంచి ఖచ్చితంగా పడమరకు ముఖం చేసి, సూటిగా మక్కా ఎంత దూరమో అంత దూరం సాగిపోతే యెమెన్ మీదుగా ఎర్ర సముద్రం దాటి ఆఫ్రికాలోని ఎరిత్రియా ప్రాంతానికి చేరతాం. మక్కా మనకు కుడివైపున ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉండిపోతుంది.

ఇది చదివి ఎవరూ కంగారు పడనక్కర లేదు. మన తాత తండ్రుల నమాజులు ఏమయ్యాయో అని దిగులు పడనక్కర లేదు. ఇస్లాం తేలిక చేసిన విషయాన్ని మనం కఠినం చేసుకోకూడదు. మదీనా నుంచి మక్కా దక్షిణాన ఉంది. మదీనా వారికి తూర్పు పడమరల మధ్యనున్న ఆ వైశాల్యమంతా ఖిబ్లాగా చెల్లుతుందన్న అర్థం వచ్చే హదీసును పండితులు ప్రమాణంగా తీసుకున్నారు. కాబా కంటికి కనిపించే చోట ఉన్నవారు కాబాకే అభిముఖం కావాలి. దూరాన ఉన్నవారికి ఆ దిశ చాలు. హనఫీ పండితులు చాలామంది రెండు వైపులా 45 డిగ్రీల వరకు ఒరిగినా దిశ తప్పినట్టు కాదన్నారు. షాఫయీ మజ్‌హబ్‌లో కాబానే గురి చేసుకోవాలన్న అభిప్రాయం బలంగా ఉన్నప్పటికీ, మనిషి తనకు చేతనైనంత ప్రయత్నం చేయాలన్నదే దాని సారాంశం. మన పాత మసీదుల్లోని పది పద్దెనిమిది డిగ్రీల తేడా హనఫీ పండితులు చెప్పిన ఆ హద్దులోపలే ఉంది.

స్పెయిన్‌లోని కార్డోబా మహా మస్జిద్‌నే తీసుకోండి. 8వ శతాబ్దంలో మొదలైన ఆ కట్టడానికి మక్కా ఇంచుమించు తూర్పున ఉంది. కానీ దాని ఖిబ్లా గోడ దక్షిణానికి బాగా మొగ్గి ఆగ్నేయాన్ని చూస్తుంది. అయినా తరతరాల ఉలమాలు అందులోనే నమాజు చేశారు, పాఠాలు చెప్పారు.

అయితే తేలిక ఉంది కదా అని తెలుసుకునే బాధ్యతను వదిలేయటం మన పూర్వీకుల పద్ధతి కాదు. మధ్య ఆసియా నుంచి వచ్చిన మహాపండితుడు అల్ బిరూనీ 1025లో గజనీలో ఒక గ్రంథం పూర్తి చేశాడు. నగరాల మధ్య దూరాలను, వాటి అక్షాంశ రేఖాంశాలను నిర్ణయించటమెలాగో చెప్పే ఆ గ్రంథంలో ఆయన చేపట్టిన ముఖ్యమైన పని గజనీ నుంచి ఖిబ్లాను లెక్కగట్టటం. ఇప్పటి పాకిస్తాన్‌లోని నందనా కోట దగ్గర కొండ మీద నిలబడి, దిగంతం ఎంత కిందికి వంగి కనిపిస్తుందో కొలిచి, భూమి వ్యాసార్ధాన్ని నేటి లెక్కకు చాలా దగ్గరగా చెప్పినవాడు కూడా ఆయనే. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లో అల్ ఖలీలీ అనే ఖగోళవేత్త ఏ అక్షాంశ రేఖాంశాల వద్ద ఖిబ్లా ఎన్ని డిగ్రీలో వేల కొద్దీ విలువలతో పట్టికలే తయారుచేశాడు. అదే నగరంలోని ఉమయ్యద్ మస్జిద్‌లో నమాజు వేళలను లెక్కగట్టే ఉద్యోగంలో ఇబ్న్ అల్ షాతిర్ వంటి మేటి ఖగోళవేత్త ఉన్నాడు. గణితం, భూగోళం, ఖగోళం వారికి దీనికి వెలుపలి విద్యలు కావు. ఐదు పూటల నమాజే వారిని ఆ విద్యల వైపు నడిపించింది. అలాంటి సముదాయపు పిల్లలు ఈనాడు అట్లాసులో మక్కాను వేలు పెట్టి చూపలేకపోతే ఆ లోపం పిల్లలది కాదు, మనది.

తెలుసుకోవటం ఒక బాధ్యత అయితే, తెలిసిన దాన్ని చెప్పే తీరు మరో బాధ్యత. ఈ రెండోదే ఇప్పుడు మనకు ఎక్కువ అవసరం. ప్రతి యువకుడి జేబులోనూ ఖిబ్లా చూపే ఫోను ఉంది. మసీదులో నిలబడి ముల్లు చూసి, "మిహ్రాబు తప్పు, ఇన్నాళ్ళూ అందరూ తప్పు చేశారు" అని ఒకరు అంటారు. "మా తాతలు కట్టిన మసీదుకు వంక పెడతావా" అని మరొకరు లేస్తారు. గొంతులు పెరుగుతాయి. సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడవలసిన వారు ముఖాలు తిప్పుకుంటారు. ఒకే దిశకు మరల్చి అందర్నీ ఏకం చేయటానికి వచ్చిన ఖిబ్లా పేరుతోనే జమాఅత్ చీలితే అంతకు మించిన విషాదం ఏముంటుంది?

ఇండోనేషియా అనుభవం ఇక్కడ మనకు పాఠం. జావా ద్వీపంలోని యోగ్యకర్తా నగరంలో 19వ శతాబ్దం చివరి సంవత్సరాలలో అహ్మద్ దహ్లాన్ అనే యువ పండితుడు పెద్ద మసీదులో ఖిబ్లా సరిగా లేదని గమనించాడు. అక్కడి నుంచి మక్కా పడమర కంటే దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి ఉంటుంది. సఫ్‌లు సరిచేయటానికి నేల మీద గీతలు గీయించారు. పెద్ద గొడవ జరిగింది. చివరకు ఆయన సరైన దిశలో కట్టుకున్న చిన్న నమాజు గదిని కూల్చివేశారు. ఆయన ఊరు విడిచి వెళ్ళిపోవటానికి కూడా సిద్ధపడ్డాడు. ఆ మనిషే 1912లో ముహమ్మదియా సంస్థను స్థాపించాడు. ఈనాడు ఆ దేశమంతటా పాఠశాలలు, ఆసుపత్రులు నడుపుతున్న పెద్ద సంస్థ అది.

అదే దేశంలో 2010లో ఉలమా మండలి మొదట ఇండోనేషియాకు ఖిబ్లా పడమర అని ఫత్వా ఇచ్చింది. సూటిగా పడమరకు పోతే ఆఫ్రికా వస్తుందని ఖగోళం తెలిసినవారు చూపించాక, కొన్ని నెలలకే దాన్ని వాయవ్యమని సవరించింది. మసీదులు పడగొట్టనక్కర లేదని, సఫ్‌ల దిశ సరిచేసుకుంటే చాలునని పెద్దలు చెప్పారు. ఒకనాడు నమాజు గదిని కూలగొట్టిన విషయమే నూరేళ్ళు తిరిగాక ఒక సవరణతో సద్దుమణిగింది. తేడా ఎక్కడుంది? మొదటిసారి కోపం మాట్లాడింది. రెండోసారి లెక్క మాట్లాడింది, పెద్దలు విన్నారు.

అమెరికాలో స్థిరపడిన మన హైదరాబాదీలకు ఈ చర్చ కొత్త కాదు. గోడ పటం చూస్తే షికాగోకు మక్కా ఆగ్నేయాన కనిపిస్తుంది. గ్లోబు మీద దారం లాగితే దిశ ఈశాన్యం అవుతుంది. ఉత్తరం నుంచి తూర్పుకు 49 డిగ్రీలు. అక్కడ కొన్ని మసీదులు ఆగ్నేయానికి, ఎక్కువ మసీదులు ఈశాన్యానికి తిరిగి ఉన్నాయి. 1957లో ప్రారంభమైన వాషింగ్టన్ ఇస్లామిక్ సెంటర్ మసీదు కూడా ఈశాన్య ముఖంగానే ఉంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళు "ఇదేమిటి, ఇటు తిరుగుతారేమిటి" అని వింతపడితే వారికి ఒక బత్తాయి, ఒక దారం చాలు, విషయం బోధపరచటానికి.

మరి మనం చేయవలసిందేమిటి?

మొదటిది, కొత్త మసీదు, ఈద్‌గాహ్, ఖబరస్తాన్ ఏది తలపెట్టినా పునాది తీయకముందే ఖిబ్లాను లెక్కతో నిర్ణయించుకోవాలి. ఆ దశలో ఇది ఒక తాడు, రెండు మేకుల పని. గోడలు లేచాక అంత తేలిక కాదు. పది మీటర్ల సఫ్‌ను 13 డిగ్రీలు తిప్పితే ఒక కొసకూ మరో కొసకూ రెండు మీటర్లకు పైగా తేడా వస్తుంది. చిన్న మసీదులో ఎంత చోటు పోతుందో ఆలోచించండి. వీధి వాలును బట్టో, పక్క స్థలం హద్దును బట్టో మిహ్రాబు పెట్టే అలవాటు మానుకోవాలి.

రెండోది, ఫోను ముల్లునే తుది తీర్పుగా భావించవద్దు. కాంక్రీటులోని ఇనుప చువ్వలు, బీరువాలు, వాహనాలు, ఫోను కవరులోని అయస్కాంతం దాన్ని పక్కకు లాగుతాయి. ఆకాశం మనకు ఇంతకంటే నమ్మకమైన గురుతు ఇచ్చింది. ఏటా రెండుసార్లు సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తికి వస్తాడు. మన గడియారం ప్రకారం మే 28న మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు ఒకసారి, జూలై 16న 2 గంటల 57 నిమిషాలకు మరోసారి. లీపు సంవత్సరమైతే ఒక రోజు ముందు. ఆ క్షణాన ఆరుబయట ఒక కర్రను నిటారుగా పాతి, దాని నీడ కొస నుంచి కర్ర మొదలు వైపు చూస్తే అదే ఖిబ్లా. ఖర్చు లేదు, యంత్రం లేదు, వాదానికి తావు లేదు. జూలైలో మబ్బు పట్టవచ్చు గానీ మే నెలలో మన దగ్గర ఎండకు కొదువ లేదు. వేసవి సెలవుల్లో ఇంట్లో ఉండే పిల్లల చేత ఈ పని చేయించండి. పది పాఠాల విలువ చేస్తుంది.

మూడోది, పాత మసీదుల విషయం జమాఅత్‌కు, ఇమాముకు, మజ్‌హబ్ తెలిసిన ఉలమాకు వదిలిపెట్టాలి. వారు కూర్చుని మాట్లాడుకుని సఫ్ గీతలు మార్చాలనుకుంటే అందరూ మారాలి. ఉన్నట్టే ఉంచాలనుకుంటే అందరూ అలాగే నిలబడాలి. ఇమాము ఒక వైపు, తానొక్కడూ మరో వైపు తిరిగి నిలబడేవాడు డిగ్రీలు సరిచేసుకోవచ్చునేమో గానీ జమాఅత్‌ను పాడుచేస్తాడు. యువకులు తమకు తెలిసినదాన్ని అదబుతో చెప్పాలి. పెద్దలు, చెప్పినవాడి వయసు చూడకుండా వినాలి.

దైవప్రవక్త (స) కాలంలో, హిజ్రత్ తరువాత రెండో ఏట ఖిబ్లా మారింది. అంతవరకు మదీనాలోని విశ్వాసులు ఉత్తరాన ఉన్న బైతుల్ మఖ్దిస్ వైపు తిరిగి నమాజు చేసేవారు. ఆజ్ఞ రాగానే దక్షిణాన ఉన్న మక్కా వైపు మళ్ళారు. అది 13 డిగ్రీల మార్పు కాదు, ముందున్నది వెనకకు, వెనకనున్నది ముందుకు వచ్చేంత మార్పు. నమాజు మధ్యలోనే కబురు అందినవారు నమాజులోనే తిరిగారని హదీసులు చెబుతున్నాయి. సఫ్ విరగలేదు. నిజం తెలిసినప్పుడు తిరగగలగటం, తిరిగినప్పుడు కలిసి తిరగటం అనే రెండు పాఠాలూ అందులోనే ఉన్నాయి. తూర్పు పడమరలన్నీ అల్లాహ్‌వేనని నమ్మే మనకు దిశ ఒక క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణను లెక్కతో నేర్చుకుందాం, ప్రేమతో నేర్పుదాం. మన ముఖాలనే కాదు, మన మనసులను కూడా ఒకే దిశకు మళ్ళించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!